నొప్పి ఓర్చుకుంటే మోకాలు బిగుసుకుంటుంది!

స్కూటర్ మీంచి పడినా, తడి గచ్చు మీద జారినా, ఆటలో ఒక్కసారిగా పక్కకు తిరిగినా మోకాలిలో 'టప్‌'మని శబ్దం. కాసేపటికే వాపు. వాపు తగ్గాక కూడా మెట్లు దిగుతుంటే కాలు పట్టుతప్పుతుంది. ఎమ్మారై తీస్తే 'ఏసీఎల్' అనే లిగమెంట్ తెగిందని తేలుతుంది. ఆపరేషన్ చేయించుకోవటం ఒక ఎత్తు. ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు గడవటం ఇంకో ఎత్తు!

'పురుటి నొప్పులే భరించావు, ఇదెంత?' అంటారు చుట్టుపక్కలవాళ్లు. మాత్రలు మింగితే కిడ్నీలు పాడవుతాయని మనకే ఓ భయం. దాంతో చాలామంది పళ్లబిగువున నొప్పి ఓర్చుకుంటారు. ఈ ఓర్పే మోకాలికి చేటు. నొప్పిగా ఉంటే తొడ కండరం పనిచేయనని మొరాయిస్తుంది. కాలు కాస్త వంచి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి అలాగే ఉంచేస్తాం. అలా వారాలు గడిస్తే మోకాలు పూర్తిగా చాపటం రాదు, నడకలో కుంటు మిగులుతుంది. నొప్పి తగ్గించుకునేది సుఖం కోసమే కాదు, వ్యాయామం చేయగలగటానికి కూడా.

ఇంత చిన్న గాటుకే ఇంత నొప్పా?

బయటికి కనిపించేవి చిన్న గాట్లే. లోపల జరిగే పని మాత్రం పెద్దది. తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింది నుంచో టెండన్ ముక్క తీసుకుని, తొడ ఎముకలో, కాలి ఎముకలో సొరంగంలాంటి రంధ్రాలు చేసి దాన్ని బిగిస్తారు. అందుకే టెండన్ తీసినచోట కూడా సలుపుతుంది. కమిలిన రక్తం కిందికి దిగి పిక్క, చీలమండ నీలంగా మారొచ్చు. గాటు పక్కన కొంతమేర చర్మం మొద్దుబారినట్లుంటుంది. ఇవి చాలామందిలో కనిపించేవే.

మత్తు దిగకముందే మాత్ర

ఆపరేషన్ సమయంలో తొడ దగ్గర నరానికి మత్తు ఇంజక్షన్ ఇస్తే, దాదాపు 12 నుంచి 24 గంటలు నొప్పి తెలియదు. 'అబ్బే, నాకేం నొప్పి లేదు' అని ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా పడుకుంటే తెల్లవారుజామున నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. ముదిరాక దాన్ని దించటం కష్టం. మొదటి రెండు మూడు రోజులు డాక్టరు చెప్పిన వేళకు, నొప్పి ఉన్నా లేకున్నా మాత్ర వేసుకోండి. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకుంటే మరచిపోవటం, రెండుసార్లు వేసుకోవటం ఉండవు.

* పారాసెటమాల్ పెద్దలకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది. బరువు తక్కువున్నవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఇంకా తక్కువ. ట్రమడాల్ మాత్రలు కొన్నింటిలో పారాసెటమాల్ కూడా కలిపి ఉంటుంది. రెండూ కలిపి లెక్కేసుకోవాలి.

* వాపు, నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి.

* ట్రమడాల్‌తో కొందరికి వికారం, కళ్లు తిరగటం, మలబద్ధకం ఉంటాయి. మంచినీళ్లు, పళ్లు, ఆకుకూరలు ఎక్కువ తీసుకోండి. పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

పదిలో ఎంత?

'బాగా నొప్పిగా ఉంది' అంటే డాక్టరుకు అంతగా అర్థం కాదు. అస్సలు లేకపోతే 0, భరించలేనంతైతే 10 అనుకుని అంకె చెప్పండి. వ్యాయామం చేసేటప్పుడు నాలుగో అయిదో ఉండి, ఐసు పెట్టుకుని విశ్రాంతి తీసుకున్నాక దిగుతుంటే ఫర్వాలేదు. మాత్ర వేసుకున్నా ఏడు, ఎనిమిది దగ్గరే ఉంటే రాత్రంతా మూలుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఐసు పైన, దిండు కింద

ఐసుముక్కలు కవర్లో వేసి, పల్చటి తువ్వాలు చుట్టి 15, 20 నిమిషాలు మోకాలిపై ఉంచండి. రెండు మూడు గంటలకోసారి ఇలా చేయొచ్చు. చర్మం మొద్దుబారి ఉన్నచోట ఎక్కువసేపు పెడితే తెలియకుండానే దెబ్బతింటుంది. కట్టు తడవకూడదు సుమా!

పడుకున్నప్పుడు కాలు గుండెకన్నా ఎత్తులో ఉంటే వాపు తగ్గుతుంది. అయితే దిండు పెట్టాల్సింది మడమ, పిక్క కింద. మోకాలి కింద పెడితే హాయిగానే ఉంటుంది కానీ, ఆ వంపులోనే మోకాలు బిగుసుకుపోతుంది. మంచం దిగి నిలబడగానే రక్తం కిందికి దిగి కాలు జివ్వున లాగుతుంది. గాభరా పడొద్దు. ముందు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, తర్వాత వాకర్ పట్టుకుని లేవండి.

మాత్ర వేసుకున్నాక అరగంట, గంటకు వ్యాయామం మొదలుపెడితే సులువు. పాదం పైకీ కిందికీ ఆడించటం, తొడ కండరం బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలటం, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలు చాపటం మొదటి రోజుల్లో చేసేవి. లోపలి మెనిస్కస్‌కు కూడా కుట్లు వేసి ఉంటే కాలు ఎంతవరకు వంచాలో, ఎంత బరువు మోపాలో డాక్టరు వేరే చెబుతారు. అది దాటొద్దు.

ఇంట్లోవాళ్లకో మాట

పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టకండి. పుండు మానాలంటే పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. కట్టు విప్పి పసుపు అద్దటం, వేడి కాపడం, నూనె మర్దన వద్దు. ముఖ్యంగా పిక్క నొప్పిగా ఉందంటే అస్సలు పిసక్కండి! స్నానానికి కుర్చీ, వెస్ట్రన్ కమోడ్ ఏర్పాటు చేయండి. 'కాస్త కూరే కదా' అంటూ ఆమె పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే సాయంత్రానికి మోకాలు మళ్లీ ఉబ్బుతుంది. కనీసం రెండు వారాలు వంటిల్లు ఇంకొకరు చూసుకోవాల్సిందే.

వీటికి ఆలస్యం వద్దు

* పిక్కలో నొప్పి, వాపు ఎక్కువవుతుంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ కాబట్టి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి.

* జ్వరం 101 డిగ్రీలు దాటినా, కుట్ల దగ్గర చీము కారినా, ఎరుపు పెరుగుతున్నా.

* పాదం చల్లబడి రంగు మారినా, వేళ్లు కదపలేకపోయినా.

రెజ్లర్ వినేశ్ ఫొగాట్ 2023 ఆగస్టులో మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ చేయించుకుని, ఆ ఏడాది ఆసియా క్రీడలకు దూరమయ్యారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా గెలుస్తూ వచ్చారు. అంతటి క్రీడాకారిణికే కోలుకోవటానికి నెలలు పట్టింది. మనకు పతకాలు అక్కర్లేదు. మెట్లు ఎక్కి దిగాలి, బస్సు అందుకోవాలి, పిల్లల వెనక పరుగెత్తాలి. అవన్నీ మళ్లీ చేయాలంటే ఈ రెండు వారాలూ 'నాకు నొప్పిగా ఉంది' అని నోరు తెరిచి చెప్పండి. మొహమాటం వద్దు!