ఫైళ్లకు కట్టు చీటీలు

మన విజయవాడ బెజవాడగా నుండిన 1914 వ సంవత్సరమున ఇచ్చటనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగు పెద్దలు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటకు పాటుపడిరి. ఏ గ్రంథాలయమునకైనను ఒక చిక్కు తప్పదు. కృష్ణ ఆనకట్టనుగూర్చిన పుస్తకమును చరిత్ర బీరువాలో నుంచవలెనా, వ్యవసాయపు బీరువాలోనా? పుస్తకము ఒక్కచోటనే యుండును. దాని కార్డులు మాత్రము రెండు మూడు వరుసలలో నుండవచ్చును.

కంప్యూటరులోని ఫైలునకును ఇదే చిక్కు. ట్యాగు అనునది దానికి కట్టిన చీటి. ఒకే ఛాయాపటమునకు "దివిసీమ" అనియు, "1977 తుపాను" అనియు రెండు చీటీలు కట్టవచ్చును. చీటి ఫైలు లోపలి వ్రాతలో నుండదు. ప్రక్కనంటియుండు ఒక చిన్న యరలో నుండును. మాక్ యంత్రములలో 2013 నుండి వాడుకలోనున్న పద్ధతిని చీటి పేరు వెంట రంగు సంఖ్య వ్రాయబడును. ఎఱుపునకు 6, ఆకుపచ్చకు 2. లినక్సునందలి కేడీఈ పద్ధతిలో చీటీల పేర్లు కామాలతో వరుసగా నుండును.

ఈ భేదముల నెల్ల ప్రతివాడును నేర్చుట వృథాశ్రమ. కావున ఒకరు వ్రాసిన కోడును పలువురు వాడుకొందురు. దానికిని "లైబ్రరీ" యనియే పేరు! చీటి చదువుట, కట్టుట, విప్పుట, వెదకుట: ఇంతే దాని పని.

తెలుగువారికి వేరొక చిక్కు కలదు. "కైకలూరు"లోని ఐత్వము యూనికోడునందు ఒకే సంకేతముగా నుండవచ్చును, రెండు సంకేతముల కూడికగానైనను నుండవచ్చును. కంటికి రెండును ఒక్కటియే, యంత్రమునకు వేర్వేరు. లైబ్రరీ వానిని ముందుగా ఏకరూపము చేయనిచో, వెదకినప్పుడు కొన్ని ఫైళ్లు దొరకవు. తెలుగు నెఱుగనివారు వ్రాసిన లైబ్రరీని ఈ విషయమున పరీక్షింపక నమ్మరాదు.

ఒక వేసవిలో నేను పాత పాఠశాల ఛాయాపటములకు ఉపాధ్యాయుల పేర్లు చీటీలుగా కట్టి, లినక్సు యంత్రమునుండి పెన్‌డ్రైవునకు నకలు తీసి, యంత్రమును తుడిచివేసితిని. పటములన్నియు వచ్చినవి; చీటి యొక్కటియు రాలేదు. పెన్‌డ్రైవునందలి ఫ్యాట్ పద్ధతిలో అట్టి యరయే లేదు. ఆ పేర్లు చెప్పిన పెద్దలలో ఇద్దరు అప్పటికే గతించిరి. లినక్సునందు "సీపీ" అను ఆజ్ఞయు, విడిగా చెప్పిననే తప్ప, చీటీలను మోయదని పిమ్మట తెలిసికొంటిని. ఇప్పుడు లైబ్రరీచేత ఫైలు పేర్లను, చీటీలను ఒక సాదా వ్రాత ఫైలులోనికి దింపించి, పటములతోకూడ నుంచుచున్నాను.