రాత్రి పదకొండింటికి ఎవరితో చెప్పుకోవాలి?

మందు మానిన మనిషికి బైరెడ్డిపల్లెలో పగలు ఎట్లాగో గడిచిపోతుంది. పాలు పితికి కేంద్రంలో పోయాలి, పట్టుపురుగులకు ఆకు వేయాలి, టమోటా బాక్సులు లోడెత్తాలి. చిక్కంతా పొద్దు గూకినాకే. పక్కనే కర్ణాటక సరిహద్దు. అక్కడి మద్యం టెట్రా ప్యాకెట్ జేబులో పట్టేంత చిన్నది. ఇంట్లో అందరూ పడుకున్నాక నాలుక పీకడం మొదలవుతుంది. ఆ వేళ ఎవరిని లేపి చెప్పుకోవాలి? చేతిలో ఫోను మాత్రం ఉంటుంది.

చాట్‌బాట్ మీద నాకు ఆశ ఉన్నది ఆ గంట కోసమే. ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అది తేల్చింది. మనకు కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. అయినా బస్సెక్కనివ్వనిది పరువు. ‘వాడు పిచ్చాసుపత్రికి పోయొచ్చినాడంట’ అన్న మాట ఊరంతా తిరుగుతుందని భయం. ఫోను దగ్గర ఆ సిగ్గు ఉండదు.

1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో బిల్ విల్సన్ అనే ఆయన హోటల్లో ఒంటరిగా ఉండి, బార్ వైపు కాళ్లు లాగుతుంటే ఫోను అందుకున్నాడు. తనలాంటి మరో తాగుడు బాధితుడి కోసం వెతికి డాక్టర్ బాబ్ దగ్గరికి చేరాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అట్లా. తాగాలన్న తహతహ చాలామందిలో అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట మాట్లాడించి, ఏదైనా తినమని, తెల్లారి ఫలానా మనిషికి ఫోన్ చేయమని చెప్పడం యంత్రానికి చేతనవుతుంది.

చేతకానిదీ ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ‘మొన్నట్నుంచి మానేసినా, చేతులు వణకతాండాయి, గోడ మీద పురుగులు పాకతాండాయి’ అని టైపు చేశాడనుకోండి. శభాష్ అని మెచ్చుకునే బాట్ అతన్ని చంపుతుంది. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో మతి తప్పవచ్చు, అంతకుముందే ఫిట్స్ రావచ్చు. అప్పుడు కావలసింది 108 బండి, ఆస్పత్రి మంచం. మన యాసలో రాసినా ఆ ప్రమాదాన్ని పసిగట్టలేని బాట్‌ను ఊళ్లోకి వదలకూడదు.

ఇంకో భయం, మెప్పు కోసం మాట్లాడే గుణం. వాడేవారి మెప్పు పొందేలా తీర్చిదిద్దిన బాట్లను 2024లో కొందరు పరిశోధకులు పరీక్షించారు. మెత్ అనే మత్తుమందు మానే ప్రయత్నంలో ఉన్న కల్పిత డ్రైవర్‌కు, ఈ వారం గడవాలంటే కొంచెం తీసుకోమని అందులో ఒకటి సలహా ఇచ్చింది. ‘ఒక్క పెగ్గుకేం కాదులేరా’ అనే స్నేహితులు మనకు చాలామందే ఉన్నారు. యంత్రం కూడా ఆ వరసలో నిలబడితే ఎట్లా? పైగా కంపెనీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. మానసిక ఆరోగ్య చాట్‌బాట్‌గా పేరున్న వోబాట్ యాప్ 2025 జూన్ 30న మూతపడింది. అందుకే ఏ బాటైనా మొదటి రోజే మానసిక సాయానికి 14416 టెలీ మానస్, 14446 వ్యసన విముక్తి నంబర్లు ఇవ్వాలి. మొదటిది రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది.

తాగేవాడి కంటే ముందు ఫోను పట్టేది చాలా ఇళ్లలో భార్యే. ‘ఆయనకు తెలియకుండా మాన్పిస్తాం’ అనే కరపత్రం చూసి, సంగట్లో కలపమంటూ ఎవరో ఇచ్చిన బిళ్ల చేతిలో పట్టుకుని ఆమె అడుగుతుంది. అది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద అతను తాగితే మొహం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అతనికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ చూపు కింద ఇవ్వాల్సిన మందు అది. ‘కలపొద్దమ్మా, ఆ బిళ్ల తీసుకొని ఇద్దరూ డాక్టర్ దగ్గరికి పోండి’ అని ఆ రాత్రి బాట్ ఆమెకు సూటిగా చెప్పగలగాలి.