రంగుల కొట్టము - అగ్నిభయము

గ్రామపెద్దలారా,

నేడు మన పల్లెలను పట్టణములతో కలుపు రోడ్ల ప్రక్కన, ట్రాక్టరు ట్రక్కులకును, ఇనుప బీరువాలకును, గేట్లకును రంగు వేయు చిన్న కొట్టములు విరివిగా కానవచ్చుచున్నవి. వెనుకటి కాలమున రంగు వేయువాడు కుంచె చేతబట్టి దినములకొలది శ్రమించెడివాడు. ఇప్పుడు కంప్రెసరునుండి వచ్చు గాలి స్ప్రే గన్ను ద్వారా రంగును మంచు తుంపరవలె చిమ్ముచున్నది. పని త్వరగా ముగియును, నునుపును ఎక్కువ. ఎందరో యువకులకు ఇది అన్నము పెట్టు వృత్తి. దీనిని నిందింప బనిలేదు. అయితే ఈ వృత్తి వెంట ఒక క్రొత్త అగ్నిభయముకూడ ఊరిలో అడుగిడినది. దాని స్వభావమేమి, దానిని వారించుటకు ఏర్పడిన నియమము లెట్టివి, అందు పెద్దలు చేయదగిన దేమి, అను సంగతులను మనవి చేసెదను.

రంగు కాలునని యెల్లరకును తెలియును. కాని యిచ్చట మొట్టమొదట అంటుకొనునది రంగు కాదు. రంగును పలుచచేయుటకై కలుపు తిన్నరునుండి లేచు ఆవిరి. ఆ యావిరి కంటికి కానరాదు. తిన్నరులలో తరచుగా టోలీను అను ద్రవము ముఖ్యభాగముగా నుండును. ఏ వేడిమియొద్ద ఒక ద్రవమునుండి లేచిన ఆవిరి నిప్పు తగిలినంతనే భగ్గుమనునో, ఆ వేడిమిని ఫ్లాష్ పాయింటు అందురు. కిరసనాయిలునకు ఇది 35 డిగ్రీల సెంటీగ్రేడునకు తక్కువ కారాదని మన దేశపు ప్రమాణము. టోలీనునకో, 4 డిగ్రీలు మాత్రమే. అనగా పుష్యమాసపు తెల్లవారుజామున సైతము అది అంటుకొనుటకు సిద్ధముగానే యుండునన్నమాట.

ఎంత యావిరి చేరినచో అపాయము? గాలిలో టోలీను ఆవిరి నూటికి ఒక పాలు దాటి కొంచెము చేరెనా, ఆ గాలి యంతయు రవ్వ తగిలినచో ప్రేలునట్టిదగును. ఒక లీటరు టోలీను పూర్తిగా ఆవిరియైనచో సుమారు 225 లీటర్ల యావిరి పుట్టును. ఈ లెక్కచొప్పున 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల యెత్తు గల మూసిన గదిని అపాయకరము చేయుటకు ఒక్క లీటరు చాలును.

ఇంకొక సంగతి గమనింపవలయును. ఈ యావిరి గాలికంటె మూడు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోదు; నీరువలె నేలబట్టి పల్లమునకు పారును. తలుపు సందులగుండను, మురుగుకాలువ వెంటను పోయి ప్రక్క కొట్టములోని వెల్డింగు రవ్వనో, వెనుక ఇంటిలోని పొయ్యినో చేరును. అచ్చట అంటుకొన్న మంట వచ్చిన దారినే వెనుకకు పరుగెత్తి రంగు డబ్బాలను చేరును. కావుననే "మా కొట్టములో బీడీ సయితము కాల్చము" అను మాట యొక్కటియే చాలదు.

ఈ స్వభావమును గ్రహించినచో నియమములన్నియు సులభముగా బోధపడును. ఆవిరిని పోగుపడనీయకుండుట, రవ్వను దరిచేరనీయకుండుట, ఈ రెండే వానికి మూలము.

మొదటిది గాలి. రంగు వేయుచోట ఆవిరి ప్రేలుడు హద్దులో నాలుగవ వంతునకు మించరాదని అమెరికా దేశపు ప్రమాణము. దానికై రంగు చిమ్ము గూటి ముఖమున గాలి నిమిషమునకు 100 అడుగుల వేగముతో లోనికి లాగబడవలెనని అచ్చటి ప్రభుత్వ నియమము కలదు. ఆవిరి నేలనంటి యుండును గనుక, దానిని లాగు మార్గముకూడ క్రిందిభాగముననే యుండుట మేలు. ఇంటిలోని సాధారణపు ఫ్యాను తెచ్చి నిలుపుట దీనికి బదులు కాదు. అది ఆవిరిని బయటికి పంపదు సరికదా, దాని మోటారే రవ్వకు కారణము కావచ్చును. ఎక్జాస్టు ఫ్యాను మోటారు ఆవిరి పోవు గొట్టము వెలుపల నుండవలయును.

రెండవది రవ్వ. రంగు చిమ్ముచోట గాని, మధ్య అడ్డుగోడ లేనిచో 20 అడుగుల లోపున గాని, మంటయు రవ్వలు రాల్చు పరికరములును ఉండరాదని ఆ నియమములే చెప్పుచున్నవి. పొయ్యి, వెల్డింగు, గ్రైండరు మాత్రమేకాక, సాధారణపు విద్యుత్ స్విచ్చి సయితము వేసినపుడు లోపల చిన్న రవ్వ పుట్టించును. కావున స్విచ్చులును కంప్రెసరును వెలుపల నుంచవలయును. పీపానుండి డబ్బాలోనికి తిన్నరు వంచునపుడు ఒరపిడిచే విద్యుత్తు పుట్టి రవ్వ రాలవచ్చును. ఆ రెండు పాత్రలను ఒక తీగతో కలిపి, భూమికి ఎర్తు చేసినచో ఆ భయము తీరును.

మూడవది శుభ్రత. గోడలకును నేలకును అంటిన ఎండు రంగు పొట్టు చూచుటకు దుమ్మువలె నుండును; అంటుకొన్నచో మహావేగముగా మండును. డ్యూకో యని మనవారు పిలుచు రంగులలో నైట్రోసెల్యులోజు ఉండును. తుపాకిమందులో వాడు పదార్థమునకు అది దగ్గరి చుట్టము. ఈ పొట్టును ఇనుప పారతో గీకరాదు. ఇత్తడివంటి రవ్వపుట్టని లోహపు పనిముట్టుతో గీకి ఏనాటి దానిని ఆనాడే తీసివేయవలయును. అవిసెనూనె గల రంగు తుడిచిన గుడ్డలు కుప్పగా పడియున్నచో, ఎవరును నిప్పు పెట్టకయే తమంతట తాము వేడెక్కి అంటుకొనును. వానిని మూతగల ఇనుపడబ్బాలో వేసి సాయంకాలము వెలుపలికి పంపవలయును.

నాలుగవది నిలువ. పని జరుగుచోట ఒకనాటికి చాలునంత రంగును తిన్నరును మాత్రమే యుంచి, మిగిలినది వేరు గదిలో భద్రపరుపవలయును. ఇచ్చట మన దేశపు చట్టము స్పష్టముగా నున్నది. 1934 నాటి పెట్రోలియము చట్టము ప్రకారము 23 డిగ్రీలకు లోపల ఫ్లాష్ పాయింటు గల ద్రవములు "ఏ" తరగతికి చెందినవి. టోలీను గల తిన్నరు ఇందులోనిదే. అమ్మకమునకు గాక స్వంత పనికై ఇట్టి ద్రవములను అన్నియు కలిపి 30 లీటర్లవరకే లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అదియు గట్టి మూతగల పాత్రలలోనే. లోహపుదైనచో 25 లీటర్లకును, గాజుదైనచో ఒక లీటరునకును మించని పాత్ర కావలయును. ఒక పెద్ద పీపా కొని మూల నుంచుకొన్న యజమాని, తెలియకయే చట్టమును మీరుచున్నాడన్నమాట.

"మా కొట్టములో నలుగురే పనివారు, మాకు చట్టములేల?" యని యజమానులు పలుకుట సహజము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విద్యుచ్ఛక్తి వాడుచోట పదిమంది పనివారున్ననే వర్తించెడిది. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన స్మృతిలో ఫ్యాక్టరీ యనిపించుకొనుటకు ఆ సంఖ్య ఇరువదియైనది. కాని పెట్రోలియము చట్టము తలలను లెక్కింపదు, లీటర్లను లెక్కించును. నిప్పో, దేనిని లెక్కింపదు. చిన్న కొట్టముననే తలుపొక్కటి, గాలి తక్కువ, పనివాడు రాత్రి అచ్చటనే పండుకొనుటయు కలదు. కావున చట్టపు లెక్కకు రాని చోటనే జాగ్రత్త ఎక్కువ కావలయును.

ఇంత జాగ్రత్తపడియు నిప్పంటుకొన్నచో, మండుచున్న తిన్నరుపై నీరు కుమ్మరింపరాదు. తిన్నరు నీటిపై తేలి మంటను నలుదెసలకు వ్యాపింపజేయును. పొడిమందు గల అగ్నిమాపక పాత్ర, ఇసుక బకెట్లు తలుపు దాపున సిద్ధముగా నుండవలయును. మనుష్యులను వెలుపలికి పంపుట మొదటి పని. వెంటనే 101 గాని 112 గాని పిలువవలయును. ఒంటికి నిప్పంటినవానిని నేలపై దొర్లించి మంట ఆర్పి, కాలినచోట చల్లని నీరు ఇరువది నిమిషములవరకు పోయవలయును.

పెద్దలారా, కొట్టము పెట్టదలచినవాడు స్థలమునకో, పొరుగువారి సమ్మతికో తమయొద్దకు వచ్చుట కలదు. ఆ సమయమున ఈ ప్రశ్నలడుగుడు: ఆవిరి ఏ దారిని పోవును? ఆ దారిలో పొయ్యిగాని, వెల్డింగుగాని, గడ్డివాముగాని కలవా? తిన్నరు ఎన్ని లీటర్లుంచెదవు, ఎచ్చట? ఒక తలుపు మూసికొనిపోయినచో పనివాడు వెలుపలికి వచ్చుటకు రెండవ తలుపు కలదా? వీనికి సరియైన జవాబు చెప్పలేనివానిని తరిమివేయనక్కరలేదు. జవాబు కుదిరినపిమ్మట పని మొదలిడుమని చెప్పిన చాలును. ఎక్జాస్టు ఫ్యాను, ఎర్తు తీగ, మూతడబ్బా, పొడిమందు పాత్ర, వీని ఖర్చు ఒక్క రాత్రి మంటలో పోవు ప్రాణములతో పోల్చదగినది కాదు. రంగు వేయువాని బ్రతుకును, ప్రక్క ఇంటివారి బ్రతుకును, రెండును ఊరి పెద్దల సంరక్షణలోనివే.