ఇంజిన్‌లో సగం వెనకే ఉంది

యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిల్ సైలెన్సర్ తోక దగ్గర ఒకే ఒక్క బోల్టు ఉంటుంది. అది విప్పి, లోపలి గొట్టాన్ని ప్లయర్‌తో పట్టి మెలితిప్పుతూ లాగితే, ఒళ్ళంతా చిల్లులున్న సన్నటి బఫిల్ బయటికొస్తుంది. ఆ చిల్లుల్లో సగం మసితో పూడుకుపోయి ఉంటాయి. పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కాలి గడ్డకట్టిన మసి అది. వేలికంటితే సబ్బుకి కూడా ఓ పట్టాన వదలదు. పాత మెకానిక్ దాన్ని నిప్పుల్లో కాల్చి, నేలకు తట్టి, దులిపి మళ్ళీ బిగిస్తాడు. ఇప్పుడు ఈ బండ్ల మీద మోజుపడి కొంటున్న కుర్రాళ్ళలో చాలామంది బిగించనివ్వరు. కొందరైతే సైలెన్సర్ మొత్తం విప్పించి, ఇంజిన్ దగ్గరి ఒట్టి బెండ్ పైపుతోనే రోడ్డెక్కుతారు.

పుదుచ్చేరి నుంచి చెన్నై వైపు ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుంటే పిళ్ళైచావడి తగులుతుంది. సముద్రం ఒడ్డున జాలరి ఇళ్ళు, 1980లలో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2020లో పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారిన ప్రాంగణం, ఆ పక్కనే కాలాపేటలో కేంద్ర విశ్వవిద్యాలయం. యానాం పిల్లలకు ఇక్కడ విడిగా సీట్లుంటాయి కనుక హాస్టళ్ళలో గోదావరి తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడూ పీవై 04 నంబరు ప్లేటున్న పాత బండి కూడా కనిపిస్తుంది. రాత్రి పదకొండు దాటాక సైలెన్సర్ లేని బండి ఒక్కటి ఆ రోడ్డు మీద పోతే, మొదటి కూత నుంచి చివరి కూత దాకా ఊరంతా వినాల్సిందే. తెల్లారకముందే పడవ తోసుకుపోవాల్సినవాడు పక్క మీద లేచి కూర్చుంటాడు.

నాకు ఆ కుర్రాళ్ళ మీద కోపం లేదు. ఆ బండి మీద వాళ్ళకున్న ప్రేమ నిజమైనదే. అయితే వాళ్ళు పీకేసి పారేస్తున్నది మోత ఆపే మూత కాదు, ఇంజిన్‌లో సగభాగం. ఆ సంగతి అర్థం కావాలంటే సైలెన్సర్ పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

ఇంజిన్ మోత ఎక్కడిది? సిలిండర్‌లో పెట్రోలు మండి పిస్టన్‌ను కిందికి తోశాక కూడా లోపలి వాయువుల్లో బలం మిగిలే ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే క్షణానికి లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే ఇంకా కొన్ని రెట్లు ఎక్కువ. తలుపు తెరుచుకోగానే ఆ వాయువు ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. ఆ ఒత్తిడి దెబ్బే మన చెవికి పేలుడుగా వినిపిస్తుంది. నింపాదిగా నిమిషానికి 900 చుట్లు తిరిగే పాత బుల్లెట్ బండిలో ఈ దెబ్బలు రెండు చుట్లకు ఒకటి చొప్పున సెకనుకు ఏడెనిమిది. అందుకే వాటిని విడివిడిగా లెక్కపెట్టగలం. ఆర్‌ఎక్స్ 100 నిమిషానికి 7500 చుట్లు తిరిగేటప్పుడు చుట్టుకు ఒకటి చొప్పున సెకనుకు 125. అందుకే అది దరువు కాదు, కూత.

ఈ దెబ్బను మెత్తబరచాలన్న ఆలోచనకు పేటెంటు తెచ్చుకున్నవారు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కొలంబస్ పట్టణానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే సోదరులు. కప్పీలు తయారుచేసే వ్యాపారం వారిది. సొంతంగా ఒక మోటారు బండి కట్టుకుని ఊళ్ళో తిప్పారు. గుర్రాలు తిరిగే వీధుల్లో అలాంటి బండి మోత ఎంత గోలో ఊహించుకోవచ్చు. 1897 మే నెలలో వారి ఎగ్జాస్ట్ మఫ్లర్‌కు పేటెంటు వచ్చింది. పెద్ద గదిలోకి వాయువును వదిలి, అది వ్యాకోచించి చల్లబడ్డాక నెమ్మదిగా బయటికి పంపడమే అందులోని కిటుకు. ఇదే మిల్టన్ తర్వాత 1911లో ఎనిమిది చక్రాల కారు కూడా కట్టాడు. దాన్ని కొన్నవాళ్ళు లేరుగానీ, మఫ్లర్ మాత్రం లోకమంతా పాకింది.

సైలెన్సర్ కథలో రెండో పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ కొడుకు. తండ్రి ఏళ్ళ తరబడి తుపాకుల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు తుపాకీ మోత తగ్గించే గొట్టానికి 1909లో పేటెంటు పొందాడు; అదే సూత్రంతో ఇంజిన్లకు కూడా సైలెన్సర్లు చేశాడు. వాయువును సుడులు తిప్పి, దాని దూకుడు చచ్చాకే బయటికి వదలాలన్నది ఆయన ఉపాయం. తుపాకీ సైలెన్సరూ బండి సైలెన్సరూ ఒక తల్లి పిల్లలే.

మొదట్లో బండి నడిపేవాళ్ళకు సైలెన్సర్ అంటే గిట్టేది కాదు. శక్తిని మింగేస్తుందని అనుమానం. అందుకే ఆనాటి చాలా మోటారు సైకిళ్ళకూ కార్లకూ కటౌట్ అనే మీట ఉండేది. ఊళ్ళో మూసిపెట్టేవారు, ఊరు దాటగానే తీసేవారు. వాయువు సైలెన్సర్‌కు తగలకుండా నేరుగా బయటికి పోయేది. అంటే మనవాళ్ళ సరదా కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ పందెపు ట్రాక్ 1907లో తెరుచుకుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మోత భరించలేక 1920లలో కోర్టుకెక్కారు. దాంతో పందెపు బండ్లకు కూడా సైలెన్సర్ తప్పనిసరైంది. డబ్బా అంత లావు గది, దాని చివర చేప తోక ఆకారంలో వెడల్పైన మూతి. దానికి బ్రూక్‌లాండ్స్ డబ్బా అనే పేరే స్థిరపడింది. పందేలు ఆగలేదు. ఆ డబ్బాలు తగిలించుకునే రికార్డులు బద్దలు కొట్టారు.

ఇక సైలెన్సర్ శక్తిని మింగదు సరికదా, శక్తిని పుట్టిస్తుందని తేలిన సంగతి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ వాల్వు ఉండదు. సిలిండర్ గోడకు కిటికీలుంటాయి. పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్ కిటికీని, ఆ వెంటనే కొత్త మిశ్రమం వచ్చే కిటికీలను తెరుస్తుంది. పైకి పోతూ తిరిగి మూస్తుంది. ఇబ్బంది ఇక్కడే: కొంతసేపు రెండు రకాల కిటికీలూ తెరిచే ఉంటాయి. పాత పొగ బయటికి పోతుంటే, దాని వెనకే కొత్త పెట్రోలు కూడా కాలకుండానే జారిపోతుంది. దశాబ్దాల పాటు టూ స్ట్రోక్ అంటే పెట్రోలు తాగేది అన్న పేరు పడడానికి ముఖ్య కారణం ఈ దుబారానే.

తూర్పు జర్మనీలో ఎమ్‌జెడ్ కంపెనీ పందెపు విభాగం చూసే ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ చిక్కు విప్పడానికి కూర్చున్నాడు. చేతిలో డబ్బు తక్కువ, సామాను తక్కువ. ఆయన దృష్టి పెట్టింది సిలిండర్ మీద కాదు, గొట్టం మీద. ఎగ్జాస్ట్ కిటికీ తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల గొట్టం వెంట పరుగు తీస్తుంది. గొట్టం క్రమంగా వెడల్పైతే, ఆ అల లోంచి ఒక పీల్పు అల వెనక్కి తిరిగి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది; కొత్త మిశ్రమాన్ని కూడా చురుగ్గా లోపలికి పిలుస్తుంది. ఆ లాగుడుకు కొంత కొత్త మిశ్రమం గొట్టంలోకి కూడా వచ్చేస్తుంది. ఇంకా ముందుకు పోయాక గొట్టం మళ్ళీ ఇరుకైతే, అక్కడ తగిలిన అల ఈసారి తోపుడు అలగా తిరిగొస్తుంది. సరిగ్గా కిటికీ మూసుకోబోయే ముందు చేరి, గడప దాటిన పసివాణ్ణి తల్లి రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చినట్టు, జారిపోయిన మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. దీన్నే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అంటారు. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఉన్నది రేకుతో చుట్టిన రెండు శంకువులు. 1961 నాటికి కాడెన్ చేతిలోని 125 సీసీ ఇంజిన్ లీటరుకు 200 హార్స్‌పవర్ లెక్కన శక్తినిచ్చింది. అంతకు ముందు గాలిని బలవంతంగా ఎక్కించకుండా ఆ మెట్టెక్కిన ఇంజిన్ లేదు.

ఆ ఏడాదే సెప్టెంబరులో, బెర్లిన్ గోడ లేచిన కొద్ది వారాలకే, ఎమ్‌జెడ్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి పడమటికి పారిపోయాడు. ఆయన వెంట ఈ కిటుకు జపాన్‌లోని సుజుకికి చేరింది. మరుసటేడే సుజుకి బండి మీద డెగ్నర్ 50 సీసీ ప్రపంచ ఛాంపియన్. కొద్ది ఏళ్ళలో జపాన్ టూ స్ట్రోక్‌లన్నీ ఆ శంకువుల మీదే నడిచాయి. 1985లో ఎస్కార్ట్స్ చేతుల మీదుగా మన రోడ్ల మీదికొచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ వంశమే. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నూరు కిలోల పైచిలుకు బరువు. దాని పికప్‌లో సగం ఘనత మెరిసే క్రోమ్ తొడుగు కింద దాక్కున్న శంకువులది.

కావాలంటే లెక్క వేసుకోవచ్చు. నిమిషానికి 7500 చుట్లంటే ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు. అందులో ఎగ్జాస్ట్ కిటికీ తెరిచి ఉండేది సుమారు సగం, అంటే 4 మిల్లీసెకన్లు. వేడి వాయువులో అల సెకనుకు 500 మీటర్ల చొప్పున పోతుందనుకుంటే ఆ వ్యవధిలో 2 మీటర్లు తిరుగుతుంది: పోను ఒక మీటరు, రాను ఒక మీటరు. ఆర్‌ఎక్స్ పక్కన టేపు పెట్టి కొలవండి, కిటికీ నుంచి వెనక శంకువు వరకు కొలత ఆ చుట్టుపక్కలే తేలుతుంది. ఆ గొట్టాన్ని ఒక జానెడు కోసినా అల ముందుగా వచ్చేస్తుంది. మొత్తం తీసేస్తే వెనక్కి నెట్టే దిక్కే ఉండదు. కొత్త పెట్రోలు కాలకుండానే రోడ్డు మీదికి పోతుంది. మోత పెరిగినందుకు బండి పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి శక్తి పడిపోయి, పెట్రోలు ఖర్చు పెరిగి ఉంటుంది.

బఫిల్ ఒక్కటే తీస్తే? అంత నష్టం ఉండదు, కానీ తోక గొట్టం ఎంత సన్నగా ఉండాలో కూడా లెక్క ప్రకారమే పెట్టారు. అది మారితే ఛాంబర్‌లో ఒత్తిడి మారుతుంది, మిశ్రమం పలచబడే అవకాశం ఉంది. ప్లగ్ విప్పి చూస్తే ఇటుక రంగు పోయి తెల్లగా కనిపిస్తే అది హెచ్చరిక. పట్టించుకోకుండా లాగిస్తే పిస్టన్ పట్టేస్తుంది, బోర్ చేయించక తప్పదు.

బుల్లెట్ కథ వేరు. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇక్కడ మొదలుపెట్టిన 350 సీసీ బండి ఫోర్ స్ట్రోక్. దానికి వాల్వులున్నాయి కనుక సైలెన్సర్ తీసినా శక్తి ఒక్కసారిగా కూలిపోదు. అయినా కార్బురేటర్ జెట్లు ఆ సైలెన్సర్‌కు సరిపడేలా ఎంచినవి. పైపు ఖాళీ చేస్తే మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది. యాక్సిలరేటర్ వదలగానే టపటపా పేలే చప్పుడు ఉంది చూశారా, అది సిలిండర్‌లో కాలని పెట్రోలు పొట్టి పైపులో గాలి అంది మండడం. బ్యాక్ ప్రెషర్ ఉంటేనే ఇంజిన్ బాగుంటుందని మెకానిక్‌లు అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఫోర్ స్ట్రోక్‌కు ఆ ఒత్తిడి అక్కర్లేదు. కావలసింది వాయువు సరైన వేగంతో, సరైన వేళకు పోవడం.

ఇక చెవి సంగతి. 85 డెసిబెళ్ళ మోతను రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చంటారు; ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగానికి తెగుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. ఒట్టి పైపు బండి నడిపేవాడి దగ్గర ఆ నూరు సులువుగా దాటుతుంది. చప్పుడు గట్టిగా ఉంటే ముందున్న లారీవాడు తప్పుకుంటాడని, ప్రాణం కాపాడుతుందని అంటారు. పైపు మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. ముందువాడి కంటే వెనక ఇంట్లోని ముసలమ్మకే ఎక్కువ వినిపిస్తుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది ప్రతి బండికీ సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. 2019 సవరణ తర్వాత శబ్ద ప్రమాణాలు మీరితే పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. కాలేజీలు, ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు దాటకూడదు. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరుసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. ఆ దృశ్యం పేపర్లకు బాగుంటుంది. కానీ పిళ్ళైచావడిలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి అలల లెక్క ఒక్కసారి చెబితే, భయంతో కాక తెలిసి సైలెన్సర్ బిగిస్తాడని నా నమ్మకం. ఆ లెక్క వాడి సిలబస్‌లోనే ఉంది.

పాత బండి పికప్ తగ్గిందని వచ్చిన కుర్రాడు, సైలెన్సర్ తీసేద్దామా అన్నా అని అడిగే ముందు, ఎన్నాళ్ళయింది శుభ్రం చేసి తంబీ అని మెకానిక్కే అడగాలి. మంచి మెకానిక్ అడుగుతాడు కూడా. కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే ఏళ్ళ నాటి మసి పెళ్ళలుగా ఊడొస్తుంది. చేతికి తొడుగు లేకుండా ఆ నీళ్ళు ముట్టకూడదు, అల్యూమినియం భాగాలకు తగలనివ్వకూడదు. బఫిల్ చిల్లులు తీగతో పొడిచి తెరవాలి. సిలిండర్‌కూ బెండ్ పైపుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ రింగు కొత్తది వేయాలి, నట్టు ఇంజిన్ వేడెక్కాక ఇంకోసారి బిగించాలి. చాలా బండ్లకు పోయిన పికప్ ఆ రింగు దగ్గరే దొరుకుతుంది.