తేదీ కాదు, ముదురు చూసి నరకాలి

అనకాపల్లి బెల్లం దిమ్మ గట్టిగా నిలుస్తుందా, వానాకాలంలో చెమ్మగిల్లి కారిపోతుందా అన్నది చాలావరకు తోటలోనే తేలిపోతుంది. లేత చెరకులో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువ. ఇవి గాలిలోని తేమను లాగుతాయి, పాకాన్ని సరిగా గడ్డకట్టనివ్వవు. గడ ముదిరేకొద్దీ కింది కణుపుల నుంచి పైకి సుక్రోజు నిండుతుంది. అందుకే మొదలు తియ్యన, మోవు (గడ చివర) చప్పన. చలి పడి, తడులు తగ్గితే ఎదుగుదల మందగించి చక్కెర నిల్వ పెరుగుతుంది. అలాగని తోటను మరీ నిలబెడితే సుక్రోజు తిరిగి విడిపోతుంది, గడ బెండుబారుతుంది. నరికి ఎండలో పడేసినా అదే నష్టం. ఒక రోజులోపే గానుగాడాలి.

సంక్రాంతి ధర, కూలీలు, తర్వాతి పంట చూసుకోవద్దా అని రైతు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ లేత రసంలో నీరెక్కువ. పిప్పి ఎక్కువ కాలుతుంది, బెల్లం తక్కువ దిగుతుంది, రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపాలన్న ఆశ పుడుతుంది. అది తినేవాళ్లకు చేటు. రైతులు నరికే ముందు చేతి రిఫ్రాక్టోమీటరుతో మొదలు రసం, మోవు రసం రెండింటి బ్రిక్సు (సుమారుగా కరిగిన చక్కెర శాతం) చూడాలి. రెండు బ్రిక్సులూ దగ్గర పడ్డాకే కత్తి పట్టండి.