37 ఏళ్లు ఏలిన నిజాం.. జనం వద్దన్నది రాజునా? రాజరికాన్నా? సత్తుపల్లి సరిహద్దు చెప్పే చరిత్ర ఇదీ!

సత్తుపల్లి: సెప్టెంబర్ 17 వస్తే చాలు.. తెలంగాణ అంతా జెండాలు ఎగురుతాయి. కానీ ఆ రోజును ఏమని పిలవాలన్న దగ్గరే ఏటా పేచీ. కేంద్రం 2022 నుంచి విమోచన దినోత్సవం అంటోంది. అదే ఏడాది కేసీఆర్ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో రేవంత్ రెడ్డి సర్కారు ప్రజాపాలన దినోత్సవం అని పేరు పెట్టింది. తేదీ ఒక్కటే.. పేర్లు మాత్రం మూడు. ఎందుకిలా? చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గురించి జనం మాట ఇప్పటికీ ఒక్కటి కాకపోవడమే కారణం.

సరిహద్దులో రెండు పాలనలు

ఉస్మాన్ అలీఖాన్ 1911 ఆగస్టులో గద్దెనెక్కారు. 1948 సెప్టెంబర్ దాకా, అంటే 37 ఏళ్లు ఏలారు. అప్పటికి ఖమ్మం జిల్లానే లేదు. 1953 వరకు ఈ ప్రాంతమంతా వరంగల్ జిల్లా కిందే. సత్తుపల్లి వైపు పల్లెలు నిజాం రాజ్యానికి ఒక కొస. చింతలపూడి, తిరువూరు వైపు దాటితే బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. భద్రాచలం కూడా అప్పట్లో అటువైపే ఉండేది. 1959లోగానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు.

అంటే ఇక్కడి రైతుకు రెండు పాలనలూ కళ్లెదుటే ఉన్నాయన్నమాట. అవతల అందరికీ ఓటు లేకపోయినా ఎన్నికలు జరిగాయి. 1937లో రాజాజీ, 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గాలు వచ్చాయి. ఇవతల నిజాం ఫర్మానాయే చట్టం. ఇంటి భాష తెలుగు.. కచేరీ భాష ఉర్దూ. ఊళ్లో దేశ్‌ముఖ్ పిలిస్తే కూలి లేకుండా వెట్టి చేయాల్సిందే.

మరి మంచి పనులు చేయలేదా?

చేశారు. అది కాదనలేని మాట. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఇంగ్లీషు కాకుండా ఉర్దూలో పై చదువులు చెప్పడం అప్పట్లో పెద్ద సాహసం. మూసీ వరదలతో దెబ్బతిన్న హైదరాబాద్‌కు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మంజీరపై నిజాంసాగర్, ఖమ్మం వైపు వైరా చెరువు కూడా ఆయన కాలం నాటివే. సింగరేణి కంపెనీ 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది.

1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక టైమ్ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు. అయితే ఆ ధనం ఎక్కడిది అన్నదే పల్లె జనం ప్రశ్న. సర్ఫెఖాస్ అంటే నిజాం సొంత భూములు. వాటి ఆదాయం నేరుగా ఆయనకే పోయేది. జాగీర్దార్ల కింద ఉన్న ఊళ్లు వేరే.

మొదట ఎవరూ రాజును దిగమనలేదు!

చాలామందికి తెలియని విషయం ఇదే. నిజాంపై పోరు అనగానే మొదటి రోజు నుంచే రాజును దించేయాలన్నారని అనుకుంటాం. నిజానికి అలా జరగలేదు.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ అడిగింది బడులు, గ్రంథాలయాలు, తెలుగుకు గౌరవం, వెట్టి రద్దు. 1934లో ఈ సభ ఖమ్మంలోనూ జరిగింది. 1938లో స్టేట్ కాంగ్రెస్ పెట్టినప్పుడు కోరింది కూడా బాధ్యతాయుత ప్రభుత్వమే. అదీ నిజాం నీడలోనే! రాజు గద్దె మీద ఉండండి, పాలన మాత్రం ఎన్నికైన వాళ్లకు ఇవ్వండి అన్నారు. బ్రిటన్‌లో రాజు ఉన్నట్టుగా అన్నమాట.

దానికి వచ్చిన జవాబు ఏంటి? పార్టీ పూర్తిగా పుట్టకముందే నిషేధం. 1939లో సంస్కరణలు ప్రకటించారు. కానీ చివరి మాట నిజాందే. అవి కూడా యుద్ధం పేరుతో ఆగిపోయాయి. 1946లో ఎన్నికలు పెట్టేసరికి స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. అప్పటికే పల్లెలు మండుతున్నాయి. ఆ ఏడాది జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యారు. సాయుధ పోరాటం రాజుకుంది.

1947 జూన్‌లో నిజాం తాను ఏ దేశంలోనూ చేరనన్నారు. దాంతో నినాదం పూర్తిగా మారిపోయింది. ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ పిలుపుతో భారత్‌లో కలవాలన్న ఉద్యమం మొదలైంది. స్టేట్ కాంగ్రెస్ వాళ్లు సరిహద్దు అవతల క్యాంపులు పెట్టుకున్నారు. ఇవతల ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. తొమ్మిదేళ్ల కింద రాజును ఉంచే దారి వెతికిన జనమే.. ఇక ఆ రాజ్యమే వద్దన్నారు.

1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింలపై భారీగా హత్యాకాండ జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ దీన్ని నమోదు చేసింది. విమోచన అన్న మాట కొన్ని ఇళ్లలో ఎందుకు మింగుడు పడదో ఇక్కడే అర్థమవుతుంది. మరోవైపు కమ్యూనిస్టుల పోరు భూమి కోసం 1951 దాకా సాగింది. వాళ్ల లెక్కలో 17తో కథ ముగియలేదు.

ఓటు ఏం చెప్పింది?

నిజాం కావాలా, వద్దా అని ఎవరూ జనాన్ని నేరుగా అడగలేదు. 1950 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్‌గా కొనసాగారు. పదవి ఉంది, అధికారం లేదు. 1952 ఎన్నికల్లో హైదరాబాద్ రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. గెలిచిన ఇద్దరూ ఆంధ్ర మహాసభ నుంచి వచ్చిన వాళ్లే!

అయినా 1967 ఫిబ్రవరి 24న నిజాం కన్నుమూస్తే హైదరాబాద్ వీధులు కిక్కిరిశాయి. రాజరికం తిరిగి రావాలని కాదు. ఆసుపత్రి, కాలేజీ, నీళ్లు ఇచ్చిన ఒక మనిషిని సాగనంపడానికి వచ్చారు. 1971లో రాజభరణాలు, బిరుదులు రద్దయితే తెలంగాణలో పెద్దగా గొడవ లేదు. 2023 జనవరిలో మనవడు ముకర్రంజా ఇస్తాంబుల్‌లో చనిపోయారు. మక్కా మసీదులో ఖననం చేశారు. అప్పుడూ జనం చూడటానికి వచ్చారు, గద్దె ఊసు ఎవరూ ఎత్తలేదు.

బయట ఏం జరిగింది?

బ్రిటన్‌లో ఎలిజబెత్ 70 ఏళ్లు రాణిగా ఉన్నారు. నిర్ణయాలు ప్రధానులవి కావడంతో కోపమూ వాళ్ల మీదకే పోయింది. కిరీటం కొడుకుకు దక్కింది. నేపాల్‌లో జ్ఞానేంద్ర 2005లో అధికారమంతా చేతుల్లోకి తీసుకున్నారు. 2008కల్లా రాజరికమే పోయింది. 1938లో నిజాం ముందున్నవీ ఈ రెండు దారులే.

సత్తుపల్లిలో ఇప్పుడు సింగరేణి తవ్వుతున్న గని పేరు జేవీఆర్ ఓపెన్‌కాస్ట్. జేవీఆర్ అంటే జలగం వెంగళరావు. నిజాంపై పోరాడి జైలుకెళ్లి, 1973లో ముఖ్యమంత్రి అయిన నేత. కంపెనీని కొన్నది నిజాం సర్కారు.. గనికి పేరు ఆయన్ని ఎదిరించిన మనిషిది. రెండూ ఇక్కడి జనం చరిత్రే.