పేదింటి పొయ్యి కడ పాకశిక్షణము



పేదకుటుంబములకు వంటను, పోషణమును నేర్పు తరగతులు గ్రామములలో పెట్టదలచినవారు నేడు పలువురు గలరు. సంకల్పము మంచిదే. కాని యిట్టి తరగతులు కొన్ని రెండవ వారమునకే జనము లేక మూతపడుచున్నవి. కారణమేమో, నివారణోపాయమేమో నాలుగు మాటలలో మనవి చేసెదను.

ఒక గ్రామమున జరిగిన మొదటి తరగతిని నేను స్వయముగా చూచితిని. దానిని పగలు పదునొకండు గంటలకు ఏర్పాటు చేసిరి. కూలికి పోవు స్త్రీలు ఆ వేళ పొలములో నుందురు గదా! వచ్చిన ఏడెనిమిది మందికి నేయి, జీడిపప్పు, పాలు కలిపి యొక వంటకము చేసి చూపిరి. ముగిసిన పిమ్మట నొక యిల్లాలు నాతో, "అయ్యా, రుచి బాగున్నది. మా యింట నివన్నీ యెక్కడివి? బిడ్డలకు పెట్టకపోవుట మా తప్పన్నట్లు చెప్పినారు" అని తల వంచుకొని వెడలిపోయెను. ఆమె మరల రాలేదు. తప్పు ఆమెది కాదు, ఏర్పాటు చేసినవారిది.

విషయము అల్పమైనది కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. తల్లికి రక్తము చాలకున్న పనిలో ఆయాసము, పురుటిలో అపాయము కలుగును. శిశువు తక్కువ బరువుతో పుట్టవచ్చును.

కావున తరగతి సామగ్రిని అంగడినుండి కాక, ఆ యింటి గంపనుండియే తీసికొనవలయును. ఆ వారపు సంతలోని ధరలు నల్లబల్లపై వ్రాసి, అయిదుగురు గల యింటికి రోజువారీ కర్చు మించకుండ వండి చూపవలయును. పెరటి మునగాకు, చెఱువుగట్టు పొన్నగంటికూర, తోటకూర ఇవి చాలును. ఆకుకూరను ముందు కడిగి పిదప తరుగవలయును. కొద్ది నీటితో మూతపెట్టి యుడికించి, ఆ నీటిని పారబోయరాదు. ఒక చెంచా నూనె చేర్చిన, ఆకులోని ఎ విటమినుకు మూలమగు పదార్థము ఒంటికి బాగుగ పట్టును. దించిన పిమ్మట నిమ్మరసము పిండినచో ఇనుము చక్కగ జీర్ణమగును. భోజనముతో పాటు కాఫీ, తేనీరు త్రాగిన ఆ మేలు తగ్గును.

బియ్యమును మిక్కిలి తెల్లగ మరపట్టుటవలన తవుడుతో పాటు బి1 విటమిను పోవును. ఈ లోపమువలన వచ్చు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధించుటకై 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆరంభించిన చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. కావున బియ్యమును పలుమార్లు కడుగుటయు, గంజి వార్చి పారబోయుటయు మాన్పించవలయును. అన్నమునకు పప్పు తోడైన, ఒకదానిలోని మాంసకృత్తుల కొఱతను మఱియొకటి తీర్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. బియ్యములో నది అత్యల్పము. ఆరు నెలలు నిండిన శిశువునకు తల్లిపాలతో పాటు పప్పు, ఆకుకూర కలిపి మెత్తగ నలిపిన అన్నము పెట్టవలయును.

ఇక పద్ధతి. వారమున కొకసారి, ఎనిమిది వారములు. పండ్రెండు మొదలు పదునైదుగురు మాత్రమే. కూలినుండి తిరిగివచ్చిన పిమ్మట, వారి వాడలోనే, వారింట నున్నట్టి పొయ్యిపైనే జరుపవలయును. చూపుట కాదు, వారిచేతనే వండించవలయును. కొఱ్ఱన్నము, తవుడురొట్టె వంటివి ఎఱిగిన అవ్వను ఒకనాడు గురుపీఠముపై కూర్చుండబెట్టుడు. నేర్పుటకు వచ్చినవారును నేర్చుకొందురు. వండినది కులభేదము లేక అందఱు కలిసి తినవలయును. బిడ్డలను వెంట తెచ్చుకొననీయుడు. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమువా రిచ్చు ఇనుము మాత్రలను మానవద్దని చెప్పుట మఱువరాదు. వంట మందునకు తోడేగాని బదులు కాదు.

మఱియొక పాఠము గలదు. అది వంటది కాదు, వడ్డనది. మన యిండ్లలో భర్తకును బిడ్డలకును పెట్టి, అడుగున మిగిలినది ఇల్లాలు తినును. కూర యెంత మంచిదైనను గిన్నె యడుగున నేమి మిగులును? ఈ పాఠమును స్త్రీలకు చెప్పి ఫలము లేదు. ఒక వారము అత్తలను, మగవారిని పిలిచి, ఇంటిల్లిపాదికి ఒకే పంక్తిలో వడ్డింపించుడు. మీరు ముందు కూర్చుండి, పక్కన కోడలి విస్తరిలో కూర పడినదా యని చూచినచో, ఊరు మిమ్ము చూచి నేర్చుకొనును.

తరగతి చక్కగ జరిగినదనుటకు గుర్తు పట్టికలోని హాజరు కాదు. ఎనిమిదవ వారము గడచిన పిమ్మట ఆ వాడలో నడచిపోవునప్పుడు పెరట మునగకొమ్మ నాటియుండుట. ఆ కొమ్మలను ఉచితముగ నిచ్చుట మన పెద్దలకు కష్టమైన పని కాదు. సెలవు.